కట్నం ఇచ్చేశాం, ఇంకా వాటా ఏంటి అంటున్నారు

ప్రశ్న: నా వయసు 49. తెనాలి దగ్గర పల్లెటూరు మా పుట్టిల్లు. 1998లో నా పెళ్లయింది. నాన్న పోయి రెండేళ్లు దాటింది. అమ్మ, అన్నయ్య, నేను మిగిలాం. తాతగారి నుంచి వచ్చిన పొలం ఎకరా ఎనభై సెంట్లు, నాన్న కొన్నది ఎకరన్నర, తెనాలిలో ఆయన కట్టిన మేడ ఉన్నాయి. పైన అమ్మ, అన్నయ్య వాళ్లు ఉంటారు. కింద వాటా 2011 నుంచి ఒకరికే అద్దెకిచ్చాం. కొన్న పొలాన్ని తొమ్మిదేళ్లుగా ఒకతనే కౌలుకు చేస్తున్నాడు. పొలం మొత్తం అన్నయ్య తన పేరు మీదకు మార్పించుకున్నాడని ఈమధ్యే తెలిసింది. అడిగితే "నీ పెళ్లి 2005కి ముందే అయింది, కట్నం కూడా ఇచ్చాం, నీకు హక్కు లేదు. అయినా నాన్న వీలునామా రాశాడు" అన్నాడు. ఆ వీలునామా మాత్రం చూపించడు. వంద రూపాయల స్టాంపు పేపరు మీద "నాకేమీ అక్కర్లేదు" అని రాసి సంతకం పెట్టమంటున్నాడు. అమ్మేమో "మీ మేనత్తలిద్దరూ ఏనాడైనా అడిగారా? నువ్వొక్కదానివే అడుగుతున్నావు" అంటోంది. ఇంకో టెన్షన్: పన్నెండేళ్లు దాటితే ఇల్లు అద్దెకున్నవాళ్లదే, పొలం కౌలుదారుదే అవుతుందని ఊళ్లో అంటున్నారు. నిజమేనా? గొడవెందుకని సంతకం పెట్టేయనా? — పేరు వద్దన్న ఒక ఆడపడుచు

సమాధానం: ఆఖరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. మీ వాటా మొత్తం అన్నయ్యకే వదిలేయాలని మీకు నిజంగా ఉంటే అది మీ ఇష్టం, కాదనడానికి నేనెవరిని? అయితే ఇచ్చేది ఎంతో, ఎందులోదో తెలిశాక ఇవ్వండి. ఇప్పుడు మీకు ఆ రెండూ తెలియవు. ఉత్తరం చూస్తే మీ అన్నయ్యకు కూడా సగమే తెలిసినట్టుంది.

వంద రూపాయల స్టాంపు పేపరు సంగతి చాలామంది అడుగుతుంటారు. స్థిరాస్తిలో హక్కు వదులుకోవాలంటే హక్కు విడుదల దస్తావేజు రాసుకుని సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించాలి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఇది తప్పనిసరి. నోటరీ ముద్ర కొట్టించినా సరిపోదు. అందుకని "చెల్లని కాగితమే కదా, పెడితే ఏం పోయింది" అనుకుంటారేమో. పోతుంది. రేపు కోర్టులో ఆ కాగితాన్ని హక్కు పత్రంగా చూపించరు. "ఎప్పుడో మాట్లాడుకుని పంచుకున్నాం, తను ఒప్పుకుంది, ఇదిగో సంతకం" అని చూపిస్తారు. కుటుంబ ఒప్పందం అన్న పేరుతో అలాంటి కాగితాలు కేసుల్లోకి వస్తూనే ఉంటాయి. ఆ సంతకం వెనక జరిగింది ఇది కాదని నిరూపించుకోవడానికే మీకు నాలుగైదేళ్లు పట్టొచ్చు.

ఇక 2005 సంగతి. మీ అన్నయ్య చెప్పింది రెండు విధాలుగా తప్పు. హిందూ వారసత్వ చట్టానికి చేసిన సవరణ 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చింది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా, పుట్టుకతోనే హక్కు అని అది చెప్పింది. పెళ్లి ఎప్పుడయిందన్న ప్రస్తావనే అందులో లేదు. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా అన్న మీమాంస మాత్రం పదిహేనేళ్లు నడిచింది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం అక్కర్లేదని తేల్చేసింది. (ఆ ముగ్గురిలో ఒకరు జస్టిస్ అబ్దుల్ నజీర్. తర్వాత మన రాష్ట్రానికే గవర్నరుగా వచ్చారు.) మీ విషయంలో నాన్నగారు పోయిందే రెండేళ్ల కిందట కాబట్టి ఆ మీమాంస కూడా లేదు. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టర్డ్ పారిఖత్తు (పంపకం దస్తావేజు) ద్వారానో కోర్టు డిక్రీ ద్వారానో పంపకం జరిగిపోయి ఉంటే దాన్ని తిరగదోడలేరు. మీ ఇంట్లో అలాంటిది జరిగినట్టు మీరు రాయలేదు.

రెండోది మన తెలుగువాళ్లే మర్చిపోయిన విషయం. దేశంలో చాలా రాష్ట్రాలు 2005 దాకా ఆగాయి గానీ మనం ఆగలేదు. ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ చట్టానికి సవరణ తెచ్చారు. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన వాటా అని అది చెప్పింది. ఆ రోజుకి మీకు తొమ్మిదేళ్లో పదేళ్లో ఉంటాయి. అంటే తాతగారి పొలం ఉమ్మడి ఆస్తే అయితే, మీరు బడికి వెళ్లే రోజుల నుంచీ అందులో మీకు వాటా ఉంది. మీ పెళ్లి ముహూర్తం దాన్నేమీ చేయలేదు.

కట్నం మాటకొస్తే, కట్నం ఇచ్చినందువల్ల వారసత్వపు హక్కు పోదు. పైగా 1961 నుంచి కట్నం ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరాలే. "మేం నేరం చేశాం కాబట్టి నీకు హక్కు లేదు" అనే వాదన ఏ కోర్టులోనూ నిలబడదు.

ఇప్పుడు అసలు లెక్క. మీ ఆస్తి చూడ్డానికి ఒకటే, చట్టం కంటికి మాత్రం రెండు రకాలు. నాన్నగారు కొన్న ఎకరన్నర, కట్టిన మేడ ఆయన స్వార్జితం. వీలునామా లేకుండా పోతే స్వార్జితం భార్యకూ పిల్లలకూ సమానం. ఆయన తల్లి బతికి ఉంటే ఆమెకూ ఒక వాటా వచ్చేది. మీరు ముగ్గురే అంటున్నారు కాబట్టి తలా మూడో వంతు: పొలంలో తలా యాభై సెంట్లు, మేడలో తలా మూడో భాగం. ఇదివరకు, కుటుంబం ఉంటున్న ఇంట్లో మగవాళ్లు పంచుకునేదాకా ఆడపిల్లలు పంపకం అడగకూడదని ఒక సెక్షన్ ఉండేది. దాన్ని 2005లోనే ఎత్తేశారు.

తాతగారి ఎకరా ఎనభై సెంట్ల దగ్గరే చిక్కు. తాతగారి నుంచి వచ్చిన ప్రతిదీ పిత్రార్జితమే అనుకుంటాం. చట్టం అలా అనుకోదు. అది తాతగారికి ఆయన తండ్రి నుంచి, ఉమ్మడి కుటుంబ ఆస్తిగా వచ్చి ఉంటే నిజంగా పిత్రార్జితం. అప్పుడు నాన్నగారు పోయే ముందు రోజు పంపకం జరిగినట్టు ఊహించుకోవాలి. తండ్రి, కొడుకు, కూతురు తలా అరవై సెంట్లు. మన ప్రాంతపు హిందూ ధర్మం ప్రకారం ఈ పంపకంలో భార్యకు విడిగా వాటా రాదు. తర్వాత నాన్నగారి అరవై సెంట్లు మీ ముగ్గురికీ తలా ఇరవై. మొత్తం మీద మీకు ఎనభై, అన్నయ్యకు ఎనభై, అమ్మకు ఇరవై. అలా కాక అది తాతగారు స్వయంగా కొన్నదై, ఆయన 1956 తర్వాత పోయి ఉంటే, నాన్నగారి చేతిలో అది ఆయన సొంత ఆస్తి కిందే లెక్క. 1986 నుంచీ సుప్రీంకోర్టు చెబుతున్న మాటే ఇది. అప్పుడు ముగ్గురికీ తలా అరవై.

చిత్రం చూశారా? "ఇది పిత్రార్జితం, మగపిల్లలది" అని మీ అన్నయ్య ఎంత గట్టిగా వాదిస్తే మీ వాటా అంత పెరుగుతుంది, అరవై కాస్తా ఎనభై అవుతుంది. తగ్గేది అమ్మ వాటా.

వీలునామా ఉందన్న మాటకు భయపడక్కర్లేదు. తోసిపుచ్చడానికీ లేదు. నాన్నగారు తన స్వార్జితం ఎవరికైనా రాయొచ్చు, కూతురికి పైసా లేకుండా కూడా. అలా రాసి, ఆ వీలునామా నిలబడితే మేడ, ఎకరన్నర మీ చేతికి రావు. కానీ పిత్రార్జితంలో మీకు పుట్టుకతో వచ్చిన అరవై సెంట్లను ఆయన వీలునామాలో రాయలేరు, అది ఆయనది కాదు గనక. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. తెల్లకాగితం మీదైనా చెల్లుతుంది. ఇద్దరు సాక్షులు సంతకాలు పెట్టి ఉండాలి, వివాదం వస్తే వాళ్లలో కనీసం ఒకరైనా కోర్టుకొచ్చి చెప్పాలి. రిజిస్టర్ అయినంత మాత్రాన ఈ పని తప్పదు.

రిజిస్టర్ అయిందో లేదో తెలుసుకోవడానికి మీ అన్నయ్యను బతిమాలక్కర్లేదు. ఇక్కడొక చిన్న కిటుకు ఉంది. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీస్తే వీలునామా కనిపించదు. వీలునామాలను సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో 3వ పుస్తకం అని విడిగా రాస్తారు. రాసిన మనిషి బతికున్నంత కాలం దాని నకలు ఆయనకు తప్ప బయటివాళ్లకు ఇవ్వరు. పోయాక ఎవరడిగినా ఇస్తారు. నాన్నగారి మరణ ధ్రువీకరణ పత్రం పట్టుకెళ్లి 3వ పుస్తకంలో వెతికించమని అర్జీ పెట్టుకోండి. అదే రోజు మేడకు, రెండు పొలాలకు ఈసీలు, నాన్నగారు కొన్న దస్తావేజు నకలు కూడా అడగండి. తాతగారి పొలానికి పాత అడంగళ్లు (ఊరి సాగు రికార్డులు), తాతగారి పేరున ఏదైనా కొనుగోలు దస్తావేజు ఉంటే అదీ కావాలి. ఎనభయ్యా అరవయ్యా అన్నది తేల్చేవి ఇవే.

పొలం అన్నయ్య పేరు మీదకు మారిపోయిందని కంగారుపడ్డారు. మ్యుటేషన్ (రెవెన్యూ రికార్డులో పేరు మార్పు) వల్ల, పట్టాదారు పాసుపుస్తకం వల్ల యాజమాన్యం పుట్టదు. అవి శిస్తు కోసం, రికార్డు కోసం పెట్టుకున్నవని సుప్రీంకోర్టు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. వారసులందరికీ చెప్పకుండా మార్చేశారు కాబట్టి ఆర్డీవో దగ్గర అప్పీలు వేసుకోవచ్చు. దానికి గడువుంది, "ఈమధ్యే తెలిసింది" అన్న మీ మాట పాతబడక ముందే వేయండి. ఎంత ఉట్టి కాగితమైనా 1బి అనే భూమి రికార్డులో ఒక్కడి పేరే కనిపిస్తే బ్యాంకు అప్పిస్తుంది, కొనేవాడు బయానా ఇస్తాడు. అసలు ప్రమాదం అక్కడ. అమ్మకం జరిగిపోయినా మీ వాటా పోదు, తన వాటాకు మించి ఆయన అమ్మలేడు. తన వాటా బయటివాళ్లకు అమ్మాలనుకున్నా, దాన్ని కొనుక్కునే మొదటి హక్కు తోటి వారసులకు ఉంటుంది. ఇది పొలాలకూ వర్తిస్తుందని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ కొన్నవాడు మధ్యలోకి వచ్చాక ఇంటి గొడవ కాస్తా ముగ్గురి గొడవ అవుతుంది. బేరం మాట చెవిన పడితే సబ్‌రిజిస్ట్రారుకు ఉత్తరం రాసి ఊరుకోకండి, ఆ ఉత్తరంతో రిజిస్ట్రేషన్ ఆగదు. అమ్మకం ఆపమంటూ కోర్టు ఇచ్చే ఇంజంక్షన్ ఉత్తర్వు కావాలి.

కోర్టు అనగానే ఖర్చు గుర్తొస్తుంది. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టంలోనే ఉంది. లాయర్ని వాళ్లే పెడతారు. కోర్టు ప్రాంగణంలో ఉండే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసులో అర్జీ ఇవ్వొచ్చు, 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. నా సలహా అడిగితే, దావా కంటే ముందు అక్కడే ఒక అర్జీ పెట్టండి. మీ అన్నయ్యను, అమ్మను పిలిపించి కూర్చోబెడతారు. రాజీ కుదిరితే లోక్ అదాలత్ అవార్డు రాస్తారు. అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. పుట్టింటి తలుపు మూసుకుపోతుందన్న భయం మీ ఉత్తరంలో ఏ వాక్యంలోనూ లేదు గానీ, ప్రతి వాక్యం వెనకా ఉంది. సమన్లు మోసుకొచ్చే అమీనా కంటే ఈ పిలుపు కాస్త మెత్తగా ఉంటుంది.

కుదరకపోతే పంపకం దావా. అందులో ముందు ప్రాథమిక డిక్రీ వస్తుంది. ఎవరికెంత అన్నది మాత్రమే అందులో ఉంటుంది. అది రాగానే గెలిచామని ఇంటికెళ్లిపోయి పదేళ్లు ఊరుకున్నవాళ్లను చూశాను. గట్లు వేసి, ఏ ముక్క ఎవరిదో తేల్చేది తుది డిక్రీ. దానికి మళ్లీ దరఖాస్తు పెట్టాల్సి వచ్చేది; అక్కర్లేదని, కోర్టే ముందుకు నడపాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా అడ్వకేట్ కమిషనర్ వచ్చి కొలవాలి, డిక్రీని స్టాంపు పేపర్ల మీద రాయించుకోవాలి.

ఇప్పుడు ఆ పన్నెండేళ్ల సామెత. తెలుగునాట ఇంతగా పాకిపోయిన అపోహ ఇంకోటి లేదేమో. ఇంటి ఓనర్లు పదకొండు నెలలకోసారి కాగితం మార్చేది దీనికి భయపడే అనుకుంటారు. అసలు కారణం వేరు. కేంద్ర చట్టంలో ఏడాదికి మించిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఆ ఖర్చు తప్పించుకోవడానికి పదకొండు నెలలు. మన రాష్ట్రంలో మాత్రం 1999 సవరణ తర్వాత అంతకంటే తక్కువ కాలపు లీజుకూ తప్పనిసరే. పన్నెండేళ్ల లెక్క, యజమానిని ధిక్కరించి "ఇది నాదే" అని బహిరంగంగా అనుభవించేవాడికి. అద్దె కడుతూ ఉన్నవాడు మీ అనుమతితో ఉన్నాడు, పద్నాలుగేళ్లయినా నలభయ్యేళ్లయినా అద్దెదారే. యజమాని చనిపోతే ఆ అద్దె ఒప్పందం వారసుల చేతికి వస్తుంది. కాబట్టి ఆయన ఇప్పుడు మీ ముగ్గురికీ అద్దెదారు. ఖాళీ చేయించాలంటే రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, వినకపోతే కోర్టుకెళ్లాలి. కరెంటు పీకేయడం, మోటారు ఆపేయడం లాంటివి మీ అన్నయ్య చేయకుండా చూడండి, కేసు తిరగబడుతుంది.

నాన్నగారు పోయినప్పటి నుంచి అద్దె ఎవరు తీసుకుంటున్నారో మీరు రాయలేదు. అన్నయ్యే అయితే, మూడో వంతుకు ఆయన మీకు లెక్క చెప్పాలి. పొలం మక్తా (కౌలు) సొమ్ముకూ అంతే. గుర్తుంచుకోండి, అద్దెదారు ఇచ్చిన అడ్వాన్సు తిరిగి ఇవ్వాల్సిన బాధ్యతలోనూ మీకు మూడో వంతు ఉంది.

కౌలుదారు విషయంలో మీ ఊళ్లో ఉన్న భయం వల్ల నిజంగా నష్టపోతున్నది ఆయనే. మన రాష్ట్రంలో 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద కౌలు రైతుకు పదకొండు నెలల కార్డు ఇస్తారు. దాంతో పంట రుణం, బీమా, నష్టపరిహారం అడగొచ్చు. భూమి మీద ఎలాంటి హక్కూ రాదని చట్టమే రాసి పెట్టింది. అయినా ఆ కార్డు కాగితం మీద సంతకం పెడితే పొలం పోతుందని యజమానులు పెట్టరు. తొమ్మిదేళ్లుగా మీ పొలం దున్నుతున్న మనిషికి తుపానులో పంట మునిగితే రూపాయి రాకపోవడానికి ఆ సంతకం లేకపోవడమే కారణం. మీ వాటా తేలాక ఆ సంతకం మీరైనా పెట్టండి. (తెలంగాణలో 1950 నాటి చట్టం కింద రక్షిత కౌలుదారులు ఉన్నారు. వాళ్ల హక్కుల కథ వేరు, ఇక్కడికి తేవద్దు.)

అమ్మ గురించి ఒక మాట. లెక్కలో ఆవిడకు వచ్చేది పూర్తిగా ఆవిడదే. బతికుండగా దాన్ని మీరు అడగలేరు, అన్నయ్యా అడగలేడు. కానీ మీ చేత పెట్టించబోతున్న సంతకం లాంటిదే అమ్మ చేత ఈపాటికే పెట్టించారేమో కనుక్కోండి. ఆవిడ తన వాటా కొడుక్కే దఖలు చేయాలనుకుంటే చేయనివ్వండి. ఆ దస్తావేజులో "నన్ను పోషించాలి, నా అవసరాలు చూడాలి" అన్న షరతు అక్షరాలా రాయించండి. అది ఉంటే, రేపు చూడకపోయినప్పుడు 2007 నాటి వృద్ధుల సంరక్షణ చట్టం కింద ఆర్డీవో ముందు ఆ దస్తావేజును రద్దు చేయించుకోవచ్చు. ప్రేమ కొద్దీ రాశానని మాత్రమే ఉంటే ఆ పని చాలా కష్టమవుతుంది.

ఈ లెక్కలన్నీ హిందూ వారసత్వ చట్టం వర్తించేవాళ్లకే. ముస్లిం కుటుంబాల్లో, క్రైస్తవ కుటుంబాల్లో వాటాలు వేరు, ఇది చదివి అక్కడ అన్వయించుకోకండి.

చివరగా మీ మేనత్తలు. "వాళ్లు అడగలేదు" అన్నదాన్ని అమ్మ మీ నోరు మూయించడానికి వాడారు. నాకు మాత్రం అది చదవగానే మీ తాతగారు ఏ సంవత్సరంలో పోయారా అనిపించింది. 1956 తర్వాత, వీలునామా లేకుండా పోయి ఉంటే, ఆ ఎకరా ఎనభైలో ఆ ఇద్దరు ఆడపిల్లలకూ చట్టప్రకారం ఎంతో కొంత వాటా వచ్చే ఉంటుంది. పొలం ఆయన సొంతమైతే మీ నాన్నతో సమానంగానే వచ్చి ఉంటుంది. ఇన్ని దశాబ్దాల తర్వాత వాళ్లు దావా వేస్తే నిలబడటం కష్టం. వాటా నుంచి తమను మినహాయించారని తెలిసిన పన్నెండేళ్లలోపు అడగాలి. అయినా మీరు వేసే దావాలో అవతలి లాయరు మొదట లేవనెత్తేది వాళ్ల పేర్లే: "అందరు హక్కుదారులనూ చేర్చలేదు" అని. కాబట్టి తాతగారి మరణ తేదీ కనుక్కోండి. దానికోసం ఎలాగూ మేనత్తలకు ఫోన్ చేయాల్సి వస్తుంది. ఎందుకడుగుతున్నారో దాచకుండా చెప్పండి.